ఎడమచేతికి కూడా పని కావాలి
ఇంటిలో సాధనకు డిజిటల్ పియానో కొనదలచిన తల్లిదండ్రులకు

చేవెళ్ళ, మొయినాబాదు చుట్టుపట్ల గ్రామాలలోని మన కుటుంబాల నుండి ఈ మధ్య మాకు ఒక ప్రశ్న తరచుగా వస్తున్నది. “అయ్యగారూ, పిల్లకు మ్యూజిక్ నేర్పిద్దామనుకుంటున్నం. ఏ పెట్టె కొనమంటరు?” క్రిస్మసుకు ముందు, టమాటకు గాని పూలకు గాని మంచి ధర పలికిన నెలలో, పదవ తరగతి పరీక్షలు ముగిసిన వేసవిలో ఈ ప్రశ్న ఎక్కువ. అడిగే తండ్రికి సంగీతము తెలియదు. దుకాణదారునికి అమ్మకము కావాలి. పిల్లకు ఫోనులో చూసిన మెరుపుల కీబోర్డు కావాలి. ముగ్గురూ మూడు వైపులకు లాగుతుండగా, ఒక పంట మీద మిగిలిన డబ్బు ఒక్క సాయంత్రములో ఖర్చయిపోతుంది. మూడు నెలలు గడిచేసరికి ఆ పెట్టె మీద పాత చీర కప్పి, దాని మీద ఇస్త్రీ బట్టలు పెడతారు. అలాంటి ఇళ్ళు మేము ఒకటి రెండు కాదు, చాలానే చూశాము.

ఆ తల్లిదండ్రుల కొరకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. ఏ కంపెనీ మంచిది, ఎన్ని శబ్దాలు వస్తాయి అనేవి తరువాతి సంగతులు. మొదట అడగవలసిన ప్రశ్న ఒకటున్నది: ఈ వాయిద్యము మా పిల్ల ఎడమచేతికి పని చెబుతుందా? ఇదేమి ప్రశ్న అనుకోవద్దు. కాస్త వెనుకకు వెళ్ళి చూస్తే సంగతి తెలుస్తుంది.

మన మందిరాలలో తరతరాలుగా వినబడినది హార్మోనియము. 1842లో పారిసు నగరములో అలెగ్జాండర్ డెబెన్ అనే ఫ్రెంచి దేశస్థుడు దానికి పేటెంటు తీసుకున్నాడు. ఆ వాయిద్యమును కాళ్ళతో తొక్కుతూ రెండు చేతులతో వాయించేవారు. నేల మీద కూర్చుండి పాడే మన దేశానికి అది అంతగా ఇమడలేదు. 1875 ప్రాంతములో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ అనే వాయిద్యాల తయారీదారుడు కాళ్ళ పని తీసివేసి, తిత్తిని పెట్టె వెనుకకు మార్చి, చేతితో ఊదే హార్మోనియమును రూపొందించాడు. ఎడ్లబండి మీద, సైకిలు మీద, చివరికి నెత్తి మీద కూడా మోసుకుపోగలిగిన పెట్టె అది. కరెంటు అక్కరలేదు. సమాధి తోటలోనైనా, కుటుంబ ప్రార్థనలోనైనా, మామిడి తోటలో కూటము పెట్టుకున్నా అది పలికేది. ఇంత మేలు చేసిన వాయిద్యమును తక్కువ చేసి మాట్లాడుట మా ఉద్దేశము కాదు. అయితే ఒకటి గమనించండి. కాళ్ళు చేయవలసిన పని చేతి మీద పడింది. ఎడమచేయి తిత్తి ఊదుతుంది, కుడిచేయి పాట వాయిస్తుంది. అంటే మన సంఘాలలో పాట తెలిసిన చేయి ఒక్కటే.

తరువాత కీబోర్డు వచ్చింది. కాసియో సంస్థ తన మొదటి కీబోర్డును 1980లో తెచ్చింది. ఆ పేరు ఎంత పాతుకుపోయిందంటే, ఏ కంపెనీ వాయిద్యమైనా మన పల్లెలలో అది “క్యాసియో”యే. తిత్తి పోయింది గనుక ఎడమచేతికి విడుదల దొరకవలసినది. దొరకలేదు. బటను నొక్కితే డోలకు, తబలా, బేసు గిటారు అన్నీ తమంతట తాము మ్రోగుతాయి. ఎడమచేతి మూడు వేళ్ళతో ఒక కార్డు పట్టుకొని ఉంటే చాలు, మిగిలినది యంత్రము చూసుకుంటుంది. ఒకప్పుడు తిత్తి ఊదిన చేయి ఇప్పుడు మూడు మెట్లను అదిమి పట్టుకొని కూర్చున్నది. ఇక్కడ మెట్లు అంటున్నది మీరు కీలు అనే వాటినే.

ఆదివారము ఆరాధనలో ఇది పెద్ద లోటుగా కనబడదు. రిథము బాగుంటే పాట ఉత్సాహముగా సాగుతుంది, సంఘము చప్పట్లు కొడుతుంది. లోటు తెలిసేది ఆ వాయించే కుర్రవాడు ఉద్యోగము దొరికి గచ్చిబౌలి వైపో శంషాబాదు వైపో వెళ్ళిపోయిన తరువాత. అతని ప్రక్కన కూర్చుండి చూచి నేర్చుకున్న పిల్లలకు రిథము బటను తెలుసు, ట్రాన్స్‌పోజు బటను తెలుసు. ఆ రెండూ తీసివేసి ఒక నెమ్మది పాట ఇమ్మంటే చేతులు ఆగిపోతాయి. కన్నీళ్ళతో పాడే పాటకు డోలకు పెట్టలేరు, డోలకు లేకుండా వాయించలేరు. చివరికి వాయిద్యము మూసి, ఒట్టి గొంతులతో పాడుకుంటారు. ఒట్టి గొంతులతో పాడుట తప్పేమీ కాదు. వేలు పోసి కొన్న పెట్టె ప్రక్కన ఉండగా అలా పాడవలసి రావడమే బాధ.

పియానో ఈ రెండింటికీ భిన్నమైనది. 1700 ప్రాంతములో ఇటలీలోని ఫ్లోరెన్సులో బార్తొలొమియో క్రిస్టొఫోరి దీనిని చేశాడు. మెట్టును నొక్కితే లోపల చిన్న సుత్తి ఎగిరి తీగను కొట్టి వెనుకకు పడుతుంది. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలుకుతుంది. అసలు దాని పూర్తి పేరు పియానోఫోర్టెకు ఇటలీ భాషలో అర్థమే “మెల్లగా, గట్టిగా” అని. హార్మోనియములో మెట్టును ఎంత గట్టిగా కొట్టినా తిత్తిలో ఉన్న గాలిని బట్టియే శబ్దము. పియానోలో బలమంతా వేలిది. పైగా హార్మోనియము స్వరము మెట్టు పట్టుకున్నంతసేపు నిలుస్తుంది. పియానో స్వరము పుట్టిన క్షణము నుండే తగ్గిపోతూ ఉంటుంది. అందుచేత పాట నడవాలంటే రెండు చేతులూ పని చేయక తప్పదు. కుడిచేయి రాగమును పలికిస్తుండగా ఎడమచేయి క్రింది స్వరాలతో దానిని మోస్తుంది. ఎడమచేయి ఆగితే పాట సగము ఖాళీ అవుతుంది. అందుకే మేము పియానో కొనమంటున్నాము.

అసలు పియానో, అంటే తీగలున్నది, పల్లెలో ఇంటికి వద్దు. చిన్నదైనా సుమారు రెండు వందల కిలోల బరువుంటుంది. ఎండాకాలపు వేడికి, వానాకాలపు తేమకు శ్రుతి దిగుతుంది. ఏడాదికి ఒకటి రెండు సార్లు శ్రుతి చేసేవారిని నగరము నుండి పిలిపించాలి. డిజిటల్ పియానోకు ఆ బాధ లేదు. దానిలో తీగలుండవు. మంచి పియానో నుండి రికార్డు చేసిన స్వరాలు చిప్పులో ఉంటాయి. ప్రతి మెట్టు క్రింద రెండు, కొన్నింటిలో మూడు స్పర్శ స్థానాలుంటాయి. మెట్టు మొదటి దానిని తాకి రెండవ దానిని చేరుటకు పట్టిన కాలమును యంత్రము కొలుస్తుంది. కాలము తక్కువైతే వేలు వేగముగా దిగిందని గ్రహించి స్వరమును గట్టిగా పలికిస్తుంది. ఇంతే దాని రహస్యము.

పది శబ్దాలా, ఆరు వందలా?

దుకాణములో మన రైతు తికమకపడే చోటు ఇదే. ఒక ప్రక్క 61 మెట్ల కీబోర్డు ఉంటుంది. దానిలో 600కు పైగా శబ్దాలు, లెక్కలేనన్ని రిథములు, తెర మీద మెరిసే అక్షరాలు. ధర సుమారుగా 10,000 నుండి 20,000 రూపాయల లోపు. మరొక ప్రక్క నల్లని పొడవాటి పలక వంటి పియానో. దానిలో శబ్దాలు పది, పదిహేను. తెర లేదు, రిథములు లేవు. ధర 40,000 చుట్టుపక్కల మొదలవుతుంది. స్టాండు, పెడలు కలిపితే 50,000 దగ్గరకు పోతుంది. పది రకాల కూరలు వడ్డించే హోటలు కన్న ఒక్క పప్పు వడ్డించే హోటలు ఎక్కువ ఎందుకు తీసుకుంటుంది అని ఎవరైనా అడుగుతారు.

ఆ డబ్బు శబ్దాలకు కాదు, మెట్ల క్రింద ఉన్న పనితనానికి. కీబోర్డు మెట్టు క్రింద స్ప్రింగు లేక రబ్బరు ఉంటుంది. నొక్కగానే దిగి, వదలగానే ఎగురుతుంది. డిజిటల్ పియానో మెట్టు క్రింద నిజముగా ఒక చిన్న సుత్తి బరువు కదులుతుంది. ఎడమ చివరి మెట్లు బరువుగా, కుడి చివరివి తేలికగా ఉంటాయి, తీగల పియానోలో ఉన్నట్లే. ఈ బరువు మీద రోజూ ఇరవై నిమిషాలు నడిచిన వేళ్ళు ఏ కీబోర్డు మీదనైనా సునాయాసముగా నడుస్తాయి. స్ప్రింగు మెట్ల మీద పెరిగిన వేళ్ళకు పియానో ఎదురైతే మణికట్టు నొప్పి పుడుతుంది. ముఖ్యముగా ఎడమచేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు. జీవితములో ఏ పనీ చేయని వేళ్ళు ఏవైనా ఉంటే అవే.

దుకాణదారులు వాడే రెండు మూడు మాటలు తెలిసి ఉండుట మంచిది. “టచ్ రెస్పాన్స్” అంటే గట్టిగా నొక్కితే గట్టిగా పలుకుతుందని మాత్రమే అర్థము, మెట్టుకు బరువున్నదని కాదు. “సెమీ వెయిటెడ్” అంటే స్ప్రింగుకు కాస్త బరువు చేర్చినది. మనకు కావలసిన మాట “హ్యామర్ యాక్షన్”. అలాగే 88 మెట్లున్నవన్నీ పియానోలని నమ్మవద్దు. తక్కువ ధరకు దొరికే 88 మెట్ల వాటిలో కొన్నింటికి మెట్లు దూది వలె తేలికగా ఉంటాయి. నిజానికి మన పాటలకు 88 మెట్లూ అవసరము రావు. నాలుగు గొంతుల కీర్తనంతా నాలుగు స్థాయిల లోపలనే ముగుస్తుంది. మెట్ల సంఖ్య కన్న మెట్టు బరువు ముఖ్యము. బరువు మెట్లు 88కి తక్కువైన వాయిద్యాలలో అరుదు గనుక 88 కొంటున్నాము, అంతే.

సంగీతము రాని తండ్రి కూడా చేయగలిగిన పరీక్ష చెబుతాము. ఎడమ చివర ఒక మెట్టును, కుడి చివర ఒక మెట్టును ఒకే వేలితో నొక్కి చూడండి. ఎడమది బరువుగా తోచాలి. తరువాత మధ్యలో ఒక మెట్టును నిద్రపోతున్న బిడ్డ మీద దుప్పటి కప్పినంత మెల్లగా అదమండి. మంచి వాయిద్యములో శబ్దము దాదాపు రాదు, లేక గుసగుసగా వస్తుంది. అదే మెట్టును గట్టిగా కొట్టండి, గంట మ్రోగినట్లు పలకాలి. ఆ రెండింటి మధ్య ఎన్ని అంతస్తులు వినబడితే అంత మంచిది. డెమో పాటల బటను మాత్రము నొక్కనివ్వకండి. ఆ పాటలు వాయించినది మీ పిల్ల కాదు, వాయించబోయేదీ ఆ యంత్రమే.

పేర్లు చెప్పమంటారా? ఇది వ్రాస్తున్న నాటికి ప్రారంభ స్థాయిలో ఎక్కువగా వినబడుతున్నవి యమహా పి-145, కాసియో సీడీపీ-ఎస్110, రోలాండ్ ఎఫ్‌పీ-10. యమహాది 2023లో వచ్చింది, దానికి ముందున్న పి-45 చాలా ఇళ్ళలో ఉన్నది. మూడింటికీ బరువు మెట్లు 88, మూడూ పది పన్నెండు కిలోల ప్రాంతములో ఉంటాయి. మెట్ల స్పర్శ ఒక్కటే చూస్తే మా ఓటు రోలాండుకు. కాని మన ఊళ్ళకు సంబంధించి కాసియోకు ఒక సౌకర్యమున్నది. అది ఆరు పెన్సిల్ సెల్లులతో కూడా నడుస్తుంది. తక్కిన రెండింటికీ కరెంటు తప్పనిసరి. కోతలు మునుపటంత లేకపోయినా, గాలివాన వచ్చిన సాయంత్రము ఏ తీగ మీద ఏ కొమ్మ పడిందో తెలియక మూడు గంటలు చీకటిలో కూర్చున్న ఊళ్ళు మన ప్రాంతములో ఇంకా ఉన్నవి. ఇంటిలో ఇన్వర్టరు ఉన్నవారికి ఈ చింత లేదు.

పెట్టెతో ఇచ్చే పెడలు చిన్న ప్లాస్టికు బిళ్ళ. గచ్చు మీద జారిపోతూ ఉంటుంది. కాస్త బరువున్న లోహపు పెడలు వేరుగా కొనుక్కొనుట మేలు. పియానో స్వరమును నిలిపి ఉంచేది అదే. ఒకేసారి 64 స్వరాలు పలుకుతుందా, 96 పలుకుతుందా అని కొందరు యువకులు లెక్కలు తీస్తుంటారు. పది వేళ్ళతో కీర్తన వాయించే పిల్లకు 64 ధారాళముగా చాలు.

మన రాగాల సంగతి

ఇక్కడ ఒక అభ్యంతరమును దాచకూడదు. మన తెలుగు కీర్తనలు పియానో కొరకు పుట్టినవి కావు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరిస్తే పాట పైన రాగము పేరు, తాళము పేరు కనబడతాయి. 19వ శతాబ్దములో పురుషోత్తమ చౌదరిగారి వంటి వారు దేశీయ సంగీతములో కట్టిన పాటలవి. ఆ రాగాలకు ప్రాణము గమకము. ఒక స్వరము నుండి మరొక స్వరమునకు జారుట, ఊగుట. మెట్ల వాయిద్యము మీద జారుట కుదరదు. మెట్టుకు, మెట్టుకు మధ్య ఏమీ ఉండదు. ఆకాశవాణి 1940లో హార్మోనియమును తన కార్యక్రమాల నుండి తొలగించినప్పుడు పండితులు చెప్పిన కారణాలలో ఇది ముఖ్యమైనది. 1971లో గాని ఆ నిషేధము సడలలేదు. హార్మోనియము చేయలేనిది పియానో కూడా చేయలేదు. భారతీయ బాణీల కొరకని తయారైన కొన్ని కీబోర్డులలో తంబుర శ్రుతి, తబలా, స్వరమును జార్చే చక్రము కూడా ఉంటాయి. గమకము వైపు అవి ఒక అడుగు దగ్గర.

కనుక మీ ఉద్దేశము ఏమిటో తేల్చుకోండి. ఆదివారము కూటములో దేశీయ కీర్తనలకు, యౌవనస్థుల పాటలకు తోడు వాయిస్తే చాలు, ఇంతకు మించి అక్కరలేదు అనుకుంటే పియానో కొనవద్దు. మంచి 61 మెట్ల కీబోర్డు కొనండి, మిగిలిన 25,000 పిల్ల చదువుకు ఉంచండి. ఇది చెప్పుటకు మాకేమీ మొహమాటము లేదు. సంగీతమును ఒక విద్యగా నేర్వాలి, పాశ్చాత్య బాణీలలో ఉన్న కీర్తనలను నాలుగు గొంతులతో సంఘమునకు నేర్పగలగాలి, రేపు ట్రినిటీ వంటి సంస్థల గ్రేడు పరీక్షలు వ్రాయాలి అనుకుంటే పియానోయే. ఆ పరీక్షలలో పియానోకు, ఎలక్ట్రానిక్ కీబోర్డుకు పాఠ్యప్రణాళికలు వేరు. ఒకటి నేర్చి మరొకటి వ్రాయలేరు.

ఆడపిల్లల మాట ప్రత్యేకముగా చెప్పాలి. సాయంత్రము ఏడు గంటలకు మందిరానికి వెళ్ళి కీబోర్డు మీద సాధన చేసుకొని రమ్మని మగపిల్లవానికి చెబుతాము. ఆడపిల్లకు చెప్పము. అందుకే మన సంఘాలలో వాయించేవారు దాదాపు అందరూ మగపిల్లలే. వారు ఉద్యోగాలకు నగరము చేరగానే వాయిద్యము మూగబోతుంది. ఇంటిలో పియానో ఉంటే ఆ పిల్ల వంట అయిన తరువాత హెడ్‌ఫోను పెట్టుకొని కూర్చోగలదు. తమ్ముని పరీక్షకు, నాయనమ్మ నిద్రకు, ప్రక్కింటివారి టీవీకి ఏ ఆటంకము ఉండదు. తప్పు వాయించినా ఎవరూ వినరు. పదమూడు, పద్నాలుగు ఏండ్ల పిల్లకు ఇది ఎంత ధైర్యమో తల్లులకు తెలుసు. “పెండ్లయి పోయేదానికి యాభై వేల పెట్టె ఎందుకయ్యా?” అని ఒక పెద్దమనిషి మాతో అన్నాడు. ఆయన అదే నెలలో కొడుకుకు లక్షకు పైగా పెట్టి మోటరుసైకిలు కొన్నాడు. ఆ మాట ఆయనకు గుర్తు చేశాము. నవ్వి ఊరుకున్నాడు. పియానో ఇంకా కొనలేదు, అడుగుట మాత్రము మేము మానలేదు.

అప్పు చేసి మాత్రము కొనవద్దు. దుకాణములోనే వాయిదాల కాగితము ముందు పెడతారు. టమాట ధర మన చేతిలో లేదు, వాయిదా తేదీ కూడా మన చేతిలో లేదు. డబ్బు చాలనివారు వాడిన పియానో చూడవచ్చు. నగరములో పిల్లలు చదువులకు విదేశాలు వెళ్ళిన ఇళ్ళలో మంచివి దొరుకుతుంటాయి. చూడబోయినప్పుడు తొందరపడక 88 మెట్లనూ ఒక్కొక్కటిగా, ముందు మెల్లగా, తరువాత గట్టిగా నొక్కండి. ఒక మెట్టు మెల్లగా నొక్కినా అరచినట్లు పలికితే దాని క్రింది రబ్బరు అరిగింది. నొక్కినప్పుడు టక్కుటక్కుమని చెక్క చప్పుడు వస్తే లోపలి మెత్త అరిగింది. హెడ్‌ఫోను పెట్టి రెండు చెవులకూ శబ్దము వస్తున్నదో లేదో చూడండి. అసలు అడాప్టరు ఉన్నదా అని అడగండి. బజారులో దొరికిన ఏదో ఒక అడాప్టరు తగిలించి పాడుచేసుకున్నవారు ఉన్నారు.

అది కూడా కుదరనివారికి ఒక పాత ఉపాయము. కొన్ని పాత మందిరాలలో మూలన కాలితో తొక్కే హార్మోనియము ఇంకా ఉన్నది. దుమ్ము దులిపి తిత్తి బాగుచేయిస్తే రెండు చేతులకూ పని దొరుకుతుంది. చేతి హార్మోనియమే ఉంటే బల్ల మీద పెట్టి, తమ్ముడు వెనుక నుండి తిత్తి ఊదుతుండగా అక్క రెండు చేతులతో వాయించవచ్చు. తమ్ముడికి పది నిమిషాలకే విసుగు పుడుతుంది, బెల్లము ముక్క ఇవ్వండి.

కొన్నారనుకుందాము. తెచ్చుట ఒక పని. వాయిద్యము నాలుగున్నర అడుగుల పొడవు, అట్టపెట్టెతో అయిదడుగులు. స్కూటరు మీద అడ్డముగా పెట్టుకొని మర్రిచెట్ల రోడ్డు మీద లారీల మధ్య రావద్దు. మెహదీపట్నములో చేవెళ్ళ బస్సు ఎక్కేటట్లయితే రద్దీ లేని మధ్యాహ్నపు వేళ చూసుకోండి, లేదా కూరగాయలు దింపి ఖాళీగా తిరిగి వస్తున్న ఊరి ఆటో ట్రాలీ వానితో మాట్లాడుకోండి. బిల్లు మీద సీరియల్ నెంబరు వేయించుకొనుట మరువవద్దు.

ఇంటిలో దానిని చదువుకొనే బల్ల మీద పెడితే మెట్లు మరీ ఎత్తవుతాయి, భుజాలు పైకి లేస్తాయి. మెట్లు నేల నుండి సుమారు 72 సెంటీమీటర్ల ఎత్తులో, కూర్చున్న పిల్ల మోచేతులకు సమముగా ఉండాలి. ఊరి వడ్రంగి చేత రెండడుగుల ఎత్తు బల్ల గట్టిగా చేయించుకుంటే, దుకాణములో అమ్మే ఊగిసలాడే ఇనుప స్టాండు కన్న మేలు. కిటికీ ప్రక్కన పెట్టవద్దు, ఎండ, వానజల్లు రెండూ దానికి శత్రువులే. బోరు మోటరు వేసినప్పుడు దీపాలు మసకబారే ఇళ్ళలో, ఆ పది నిమిషాలు వాయిద్యము ఆపి ఉంచుట క్షేమము. ఉరుములు వినబడితే అడాప్టరును గోడ నుండి ఊడదీయండి, స్విచ్ ఆపితే సరిపోదు. మన ప్రాంతపు ఎర్రదుమ్ము మెట్ల సందులలోకి పోతుంది గనుక మందపాటి నూలు గుడ్డ కప్పండి. ప్లాస్టికు కప్పితే లోపల చెమ్మ పడుతుంది. పిల్లలు దాని ముందు బిస్కట్లు తింటే చీమలు వస్తాయి, చీమల వెనుక బల్లులు, గుడ్డ క్రింద ఎలుక కాపురము పెట్టిన ఇల్లు కూడా మేము చూశాము.

నేర్పేవారు ఊరిలో లేరనే దిగులు ఉంటుంది. వారానికొకసారి నగరములో ఒక గురువు దగ్గరకు వెళ్ళి, మిగిలిన రోజులు ఇంటిలో సాధన చేస్తే చాలు. ఫోనులో పాఠాలు వింటూ నేర్చుకొనేవారు కూడా నెలకు ఒకసారైనా తెలిసినవారికి చేతులు చూపించాలి. వేలు వంకరగా పడుతున్నదని ఫోను చెప్పదు. ట్రాన్స్‌పోజు సౌకర్యము ఇంటిలో ముట్టుకోవద్దని మా సలహా. స్త్రీలు ఎత్తుకున్న శ్రుతి, పురుషులు ఎత్తుకున్న శ్రుతి వేరుగా ఉంటాయి గనుక ఆదివారము దాని అవసరము పడవచ్చు. ఇంటిలో మాత్రము అదే పాటను ఒకటి శ్రుతిలో, రెండు శ్రుతిలో, నాలుగు శ్రుతిలో చేతులతోనే మార్చి వాయించుట నేర్వాలి. తాళానికి మెట్రోనోము ఉంటుంది, అది టిక్ టిక్ అంటుందే గాని పిల్ల బదులు వాయించదు.

మొదటి పదిహేను రోజులు కుడిచేయి ఒడిలో పెట్టుకోమనండి. అందరికీ వచ్చిన నెమ్మది పాట ఒకటి తీసుకొని, ఎడమచేతి చిటికెన వేలు సా మీద, బొటనవేలు పా మీద ఉంచి, రెండింటినీ కలిపి తాళము మొదటి దెబ్బకు ఒకసారి నొక్కితే చాలు. అమ్మ పొయ్యి దగ్గర నుండి పాడుతుంది, నాన్న చెప్పులు విప్పుతూ అందుకుంటాడు. పాట పైకి పోయినప్పుడు చేయి మా మీదకు జరగాలా, పా మీదకు జరగాలా అని పిల్ల చెవితో వెదుక్కోవాలి. నాలుగైదు సార్లు తప్పు పడుతుంది. మీరు చెప్పకండి, ఆమెనే వెదకనివ్వండి.